మొరపెట్టినవాడు దోషి కాడు

రాజాం పట్టణమునకు రైలు లేదు. బొబ్బిలి యుద్ధకథలో తాండ్ర పాపారాయుని పేరుతో ముడివడిన ఊరైనను, గోగునార జనపనారల వ్యాపారమున పేరువడసిన ఊరైనను, 1997లో నెలకొన్న జీఎంఆర్ సాంకేతిక విద్యాసంస్థ మూలమున నేడు పలుతావుల విద్యార్థులు వచ్చి చదువుకొనుచున్న ఊరైనను, రైలెక్కదలచినవాడు చీపురుపల్లికో పొందూరుకో పోక తప్పదు. అట్లని బెర్తు కొరకు అంత దూరము పోవలసిన పని మాత్రము ఇప్పుడు లేదు. చెన్నపట్టణమున భవననిర్మాణపు పనికి పోయిన కుమారుడు సంక్రాంతికి ఇల్లు చేరవలెనని రాజాంలో తండ్రి తన సెల్‌ఫోనులో ఒక బెర్తును కోరుచున్న క్షణముననే, అదే రైలులో అదే బెర్తును సికింద్రాబాదు కౌంటరువద్ద నిలిచిన మరియొకడును, విజయవాడలో కంప్యూటరు ముందు కూర్చున్న వేరొకడును కోరుచుండవచ్చును. మిగిలినది ఒక్క బెర్తు. ముగ్గురిలో ఒక్కనికే అది దక్కవలెను. దక్కనివారికి దక్కలేదని వెంటనే తెలియవలెను. నడుమ కరెంటు పోయినను, తంతి తెగినను, ఈ తీర్పు తారుమారు కారాదు.

పూర్వకాలమున ఈ చిక్కు ఇంతగా లేదు. ప్రతి రైలునకు ఒక రిజిస్టరు, ఆ రిజిస్టరు ముందు ఒక గుమస్తా, ఆ గుమస్తా ముందు ఒక బారు. పుస్తకము ఒకని చేతిలోనే ఉండును గావున, ఇరువురు ఒకేమారు ఒకే పంక్తిలో పేరు వ్రాయుట అసంభవము. బారులో నిలువలేక జనులు పడిన పాట్లు వేరు సంగతి. లెక్క మాత్రము తప్పదు. ఒకే పుస్తకమును వందల గుమస్తాల ముందు ఏకకాలమున తెరచిపెట్టుట యను సాహసము కంప్యూటరుతో వచ్చినది. 1980ల నడుమ ఢిల్లీలో ఆరంభమైన కంప్యూటరు రిజర్వేషను క్రమముగా తక్కిన మహానగరములకు వ్యాపించినను, తొలినాళ్లలో ఏ కేంద్రపు లెక్క ఆ కేంద్రమునదే. 1986లో ఏర్పడిన క్రిస్ అను రైల్వే సమాచారసంస్థ, దేశమందలి కేంద్రములన్నింటిని కలుపదగిన కన్సర్ట్ అను ప్రోగ్రామును రచించి, దానిని మొట్టమొదట 1994 సెప్టెంబరులో నెలకొల్పినది మన సికింద్రాబాదులోనే. పిదప 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రములు ఐదును ఒకదానితో నొకటి అనుసంధింపబడినవి; 2002 ఆగస్టులో ఇంటనుండియే టికెట్టు కొను సౌకర్యమును కలిగినది. రాజాంలోని తండ్రి కోరిక ఏ కేంద్రమున ఆ రైలు లెక్క కలదో ఆ కేంద్రమునకు పోయి, అచటి కోరికలతోపాటు వరుసలో నిలుచుచున్నది. ఆ వరుసను నిలుపు యంత్రాంగమునే డేటాబేసు లాకింగు అందురు.

దీని అవసరము తెలియవలెనన్న, అది లేనిచో ఏమగునో చూడవలెను. మొదటివాని కోరిక పోయి "ఎన్ని బెర్తులున్నవి?" అని అడిగినది, "ఒకటి" అని ఉత్తరము. రెండవవాని కోరికయు అదే క్షణమున అడిగినది. దానికిని "ఒకటి" అనియే ఉత్తరము. మొదటిది ఒకటిలో ఒకటి తీసివేసి సున్న అని వ్రాసినది. రెండవదియు అట్లే ఒకటిలో ఒకటి తీసివేసి సున్న అని వ్రాసినది. పుస్తకమున సున్న యున్నది, అంకె ఎచటను తప్పలేదు, తనిఖీ చేయవచ్చినవానికి సందేహించుటకు చోటు లేదు. కాని బెర్తు ఒక్కటి, దానిపై హక్కుచూపు యాత్రికులు ఇద్దరు. చదువుటకును వ్రాయుటకును నడుమనున్న ఆ కనురెప్పపాటులోనే మోసమంతయు కలదు. అందుచేత వ్రాయబోవువాడు చదువుటకు పూర్వమే ఆ పంక్తిని లాక్ చేసికొనవలెను. లాక్ పడిన పంక్తిని మార్చగోరు ఇతరుడు తన వంతు వచ్చువరకు నిలువవలెను. మొదటివాడు తన పని ముగించి కమిట్ చేసినను, లేక వద్దని రోల్‌బ్యాక్ చేసినను లాక్ ఊడును. కేవలము చదువగోరువారు పలువురు కలిసి ఒకే పంక్తిని పంచుకొనవచ్చును గాని, వ్రాయువాడు మాత్రము ఏకాకియే.

ఈ నియమములు నేటివి కావు. 1976లో ఈశ్వరన్, గ్రే, లోరీ, ట్రైగర్ అను నలుగురు ఐబీఎం పరిశోధకులు ప్రకటించిన వ్యాసమున, ఒక లావాదేవీ తనకు కావలసిన లాకులన్నియు చేజిక్కించుకొనుచు పోవలెననియు, ఒక్కటి విడిచిన పిమ్మట మరియొకటి కొత్తగా పట్టరాదనియు నిర్ణయించి, ఈ ఒక్క కట్టుబాటు పాటింపబడినచో ఎందరు కలిసి పనిచేసినను ఫలితము ఒకరి తరువాత ఒకరు చేసినట్లే యుండునని నిరూపించిరి. లావాదేవీ యనగా సగము జరుగక సంపూర్ణముగా జరుగుట, నియమములను మీరకుండుట, ఇతరుల పనితో కలగాపులగము కాకుండుట, జరిగినది చెరగకుండుట అను నాలుగు గుణములు గలదని 1983లో హెర్డర్, రాయిటర్ అను జర్మను పండితులు సూత్రీకరించిరి. వీరందరి నడుమ మేటియైన జిమ్ గ్రే 1998 సంవత్సరపు ట్యూరింగ్ బహుమానమును పొంది, 2007 జనవరి 28వ తేదీన తల్లి చితాభస్మమును సముద్రమున కలుపుటకై శాన్‌ఫ్రాన్సిస్కోనుండి తన పడవలో ఒంటరిగా బయలుదేరి మరల కానరాలేదు. స్నేహితులు ఉపగ్రహచిత్రములను సైతము వెదకించిరి గాని ఫలితము లేకపోయెను. ఏ యంత్రము ఎప్పుడు కూలినను జరిగిన లావాదేవీ చెరగరాదని జీవితమెల్ల శ్రమించిన మనుష్యుని జాడ ఇట్లు చెరగుట విధివిలాసమనుటకన్న వేరొక మాట తోచదు.

ఇక లోపముల సంగతి. కార్యాలయపు కౌంటరువద్ద సామాన్యుడు వినునది ఒక్కటే మాట. "సర్వర్ పట్టీసింది తాతా, కూసేపు కూకో" అని లోపలివాడనును. "ఏటి బాబూ, పొద్దుట్నుంచీ ఇదే మాట" అని బయటివాడు నిట్టూర్చును. పట్టివేసినది సర్వరు కాదనియు, పెక్కుమారులు సర్వరు నిక్షేపముగా నుండి ఎవరో ఒకరు విడువవలసిన లాక్ విడువకుండుటయే కారణమనియు ఇరువురికిని తెలియదు. ఈ విద్యలో తలపండినవారు మొట్టమొదట నేర్పు పాఠమును నేను ఇట్లు గ్రహించితిని: ఎవని తెరపై ఎర్రఅక్షరములు కనబడినవో వాడు బాధితుడు, దోషి వేరొకడు, వాని తెరపై ఏ లోపమును ఉండదు, వాడు తన పని సాఫీగా సాగుచున్నదనియే తలచుచుండును. మొరపెట్టినవానినే పట్టుకొని విచారించుటచేత కాలహరణమే గాని ఫలము లేదు.

ఒక ఉదాహరణము కల్పించుకొందము. రాజాం వంటి ఊరిలో ఒక గోగునార కమీషను వ్యాపారి కలడు. పూర్వము అతని తాత దుకాణమున చిట్టా యొకటి, ఆవర్జా యొకటి ఉండెడివి. జరిగినది జరిగినట్లు ఆనాటి వరుసలో ముందు చిట్టాకెక్కును. పిదప తీరికగా ఏ రైతు ఖాతా ఆ రైతు పుటలో ఆవర్జాకెక్కును. ఆవర్జా చినిగినను తడిసినను చిట్టానుబట్టి మరల వ్రాసికొనవచ్చును. నేటి డేటాబేసు చేయుచున్నది అక్షరాలా అదియే. ప్రతి మార్పును ముందు లాగ్ అను చిట్టాలో వ్రాసి, అది డిస్కునకెక్కినదని నిశ్చయించుకొనిన తరువాతనే కమిట్ అయినదని చెప్పును. టేబుళ్లు అను ఆవర్జాను అటుపిమ్మట సవరించుకొనును. కరెంటు పోయి మరల వచ్చినప్పుడు అది మొట్టమొదట చదువునది చిట్టానే. మనుమని దుకాణమున ఇప్పుడు నాలుగు కంప్యూటర్లున్నవి. కాటావద్ద రెండు బిల్లులు వ్రాయును, ఒకటి సరకు లెక్క చూచును, నాలుగవది లోపలిగదిలో అకౌంటెంటుది.

ఒకనాటి ఉదయము అకౌంటెంటు ఆనాటి ధరను మార్చుటకు ధరల పంక్తిని తెరచెను. కొత్త ధర కొట్టెను. ఆ ప్రోగ్రాము ఎవరు వ్రాసిరో గాని, తెర తెరచినప్పుడే లావాదేవీ ఆరంభించి "సేవ్" నొక్కునప్పుడు ముగించునట్లు వ్రాసిరి. సేవ్ నొక్కబోవునంతలో ఫోను మ్రోగెను. మిల్లునుండి పిలుపు, మాట పెరిగెను, టీ వచ్చెను. కాటావద్ద రైతుల బండ్లు బారులుదీరినవి. బిల్లు వ్రాయువాడు ప్రింటు నొక్కును, ఆ బిల్లు ధరల పంక్తిని లాక్ చేసి చదువునది గనుక తెరపై గుండ్రమొకటి తిరుగుచునే యుండును, 50 సెకన్లు గడచినంతట "లాక్ వెయిట్ టైమవుట్" అను లోపము పడును. మరల నొక్కును, మరల 50 సెకన్లు. లోపలిగదిలో ఫోను సాగుచున్నది. కడకు ఎవరో "రీస్టార్ట్ చేయండి" అందురు, చేయుదురు, పని నడచును. సర్వరును ఆపి తెరచినందున అకౌంటెంటు కనెక్షను తెగి, అతని లాక్ ఊడినది. రోగము కుదిరినదని అందరును సంతసించిరి. అకౌంటెంటు మార్చిన ధర మాత్రము ఎగిరిపోయినది. అది సాయంకాలము లెక్క చూచునప్పుడు గాని తెలియదు. మన కార్యాలయములలో రీస్టార్టునకు గల మహిమ సగము ఇట్టిదే. కారణము చెప్పక కార్యము చక్కబెట్టు మంత్రము గనుకనే దానికి భక్తులెక్కువ.

ఆ 50 సెకన్ల లెక్క మైఎస్‌క్యూఎల్ అను డేటాబేసున ముందుగా అమర్చియున్న గడువు. లోపపు సంఖ్య 1205. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ అనువానికి అట్టి గడువును మనమే విధింపవలెను, లేనిచో నిలుచున్నవాడు నిలుచున్నట్లే యుండును. ఇచట మరియొక సూక్ష్మము కలదు, దీనిని తెలియక చెడినవారు పలువురు. మైఎస్‌క్యూఎల్‌లో ఈ గడువు తీరినప్పుడు విఫలమగునది ఆ ఒక్క ఆజ్ఞ మాత్రమే. అంతకుముందు అదే లావాదేవీలో చేసిన పనులు అట్లే నిలిచియుండును, వాని లాకులును వీడవు. బిల్లులో రైతు ఖాతాకు సొమ్ము జమ అయినది, సరకు లెక్కలో బస్తాలు కూడుట మాత్రము గడువు మీరి ఆగినది. ప్రోగ్రాము ఆ లోపమును లక్ష్యపెట్టక కమిట్ చేసినచో సగము బిల్లు శాశ్వతమగును. అందుచేత గడువు లోపము వచ్చినంతనే మొత్తము లావాదేవీని రోల్‌బ్యాక్ చేసి మొదటినుండి ఆరంభించుట ప్రోగ్రాము వ్రాయువాని ధర్మము. ఇది పుస్తకములలో ఒక మూల వ్రాసియుండును, చదువువారరుదు.

నిశ్శబ్దముగా లాక్ పట్టుకొని కూర్చున్నవానిని కనుగొనుట కష్టమైన పని కాదు, అడుగవలెనని తోచుటయే కష్టము. పోస్ట్‌గ్రెస్‌లో ఎవరెవరు ఏమి చేయుచున్నారో చూపు పట్టికలో "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" అను మాటకు ఎదురుగా గంటసేపటి కాలము కనబడినచో, లావాదేవీ తెరచి ఊరకున్న మహానుభావుడు వాడే. ఎవరిని ఎవరు అడ్డగించుచున్నారో నేరుగా చెప్పు సాధనము 2016లో వెలువడిన 9.6 సంచికనుండి దానియందే కలదు, ఊరకున్నవానిని ఇంత గడువు దాటినంతట బయటకు పంపుమను ఆజ్ఞయు ఆ సంచికతోనే వచ్చినది. ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లలోను ప్రతి సెషను ప్రక్కన దానిని అడ్డగించుచున్న సెషను సంఖ్య కానవచ్చును. ఆ సంఖ్యను పట్టుకొని దానిని అడ్డగించునది ఏదని, మరల దానిని అడ్డగించునది ఏదని పోవుచుండగా, కొసకు ఎవరిచేతను అడ్డగింపబడనివాడు ఒకడు దొరకును. మన దుకాణమున ఆ కొసనున్నవాడు టీ త్రాగుచున్న అకౌంటెంటు. వానిని నిందించుటయు తగదు; మనుష్యుడు ఆలోచించు కాలమును లావాదేవీ లోపల ఇరికించిన ప్రోగ్రాముదే నేరము. తెర తెరచినప్పుడు లాక్ లేక చదివి, సేవ్ నొక్కినప్పుడు మాత్రమే క్షణకాలము లాక్ చేసి వ్రాయవలెను.

అట్లైనచో నడుమ వేరొకడు ఆ ధరను మార్చినయెడల ఎట్లని పాఠకులు అడుగవచ్చును. ప్రతి పంక్తికిని ఒక వరుససంఖ్య నుంచి, చదివినప్పటి సంఖ్యయే వ్రాయునప్పుడును ఉన్నచో వ్రాయుము, మారియున్నచో నిరాకరింపుము అనుట దీనికి సమాధానము. 1981లో కుంగ్, రాబిన్సన్ అనువారు, తగవు అరుదుగా వచ్చుచోట ముందే లాక్ వేసి అందరిని నిలువరించుటకంటె, పని సాగనిచ్చి చివర సరిచూచుట మేలని ఒక వ్యాసమున వాదించిరి. ఆన్‌లైను టికెట్టున సొమ్ము చెల్లించు తెరపై మనము కార్డు సంఖ్య వెదకుకొనుచుండగా బ్యాంకునకును మనకును నడుమ నిమిషములు గడచును. అంతవరకు డేటాబేసు పంక్తిని లాక్ చేసి యుంచినచో పండుగనాడు రైళ్లన్నియు స్తంభించును. ఇట్టి ఏర్పాట్లలో సొమ్ము చెల్లిన పిమ్మట బెర్తు లేదని తేలి సొమ్ము వెనుకకు వచ్చుట కలదు. అది కష్టమే; అయినను ఒకే బెర్తు ఇద్దరికి రాసియిచ్చుటకంటె చిన్న కష్టము.

ఇంతవరకు చెప్పినది ఒకడు పట్టుకొనుట, ఇతరులు నిలుచుట. ఒకరి కొరకు ఒకరు నిలుచుట దీనికంటె విచిత్రమైనది. అదే దుకాణమున బిల్లు వ్రాయు ప్రోగ్రాము ముందు రైతు ఖాతాను లాక్ చేసి పిదప సరకు పంక్తిని లాక్ చేయును. బిల్లు రద్దుచేయు ప్రోగ్రామును వేరొకడు, వేరొక సంవత్సరమున వ్రాసెను. అది ముందు సరకు పంక్తిని పట్టి పిదప రైతు ఖాతాను పట్టును. ఒకే రైతు సరకునకు కాటావద్ద బిల్లు వ్రాయుచుండగా, ప్రక్క కంప్యూటరులో నిన్నటి బిల్లు రద్దగుచున్నది. మొదటిది ఖాతా పట్టుకొని సరకు కొరకు నిలిచినది. రెండవది సరకు పట్టుకొని ఖాతా కొరకు నిలిచినది. ఇక యుగాంతమువరకు నిలిచినను వీనిలో ఏదియు కదలదు. దీనినే డెడ్‌లాక్ అందురు. డైక్‌స్ట్రా అను డచ్చి శాస్త్రజ్ఞుడు 1965లోనే దీనిని వివరించియున్నాడు.

ఇంజనీరింగు విద్యార్థి ఎవడైనను దీనిని తన కంప్యూటరునందే పది నిమిషములలో చూడవచ్చును. మైఎస్‌క్యూఎల్‌ను రెండు కిటికీలలో తెరచి, రెండింటను లావాదేవీ ఆరంభించి, మొదటి కిటికీలో ఒకటవ ఖాతాను, రెండవ కిటికీలో రెండవ ఖాతాను మార్చవలెను. రెండును వెంటనే సరే యనును. పిదప మొదటి కిటికీలో రెండవ ఖాతాను మార్చబోయినచో కర్సరు క్రింది పంక్తికి దిగి మిణుకుమిణుకుమనుచు ఊరకుండును. అప్పుడు రెండవ కిటికీలో ఒకటవ ఖాతాను మార్చుమని ఎంటరు నొక్కవలెను. నొక్కినంతలో, 50 సెకన్లు కాదు, కనురెప్ప వాల్చునంతలో, ఒక కిటికీలో 1213 అను సంఖ్యతో "డెడ్‌లాక్ ఫౌండ్" అను వాక్యమును, దాని కొసన లావాదేవీని మరల ఆరంభింపుమను హితవును వెలువడును. మిగిలిన కిటికీలోని పని అదే క్షణమున పూర్తియగును. ఎవరు ఎవరి కొరకు నిలిచిరో గీతలు గీచి చూచుకొనుచుండు డేటాబేసు, ఆ గీతలు గుండ్రముగా మూసికొనినంతనే ఒకనిని బలిచేసి తక్కినవానిని విడిపించినది. ఎవనిని బలిచేయుట? తక్కువ పంక్తులు మార్చినవానిని, అనగా ఎవని పని చెరిపిన నష్టము స్వల్పమో వానిని. ఎస్‌క్యూఎల్ సర్వరును అట్లే చవుకగా వెనుకకు త్రిప్పదగినవానిని ఎన్నుకొని, "నీవు బలియైతివి" అని బహిరంగముగా చెప్పును. దాని లోపసంఖ్య చిత్రముగా 1205, అనగా మైఎస్‌క్యూఎల్‌లో గడువు తీరుటకు గల సంఖ్యయే. రెండు డేటాబేసులు గల కార్యాలయమున అర్ధరాత్రి ఫోనులో "1205 వచ్చింది" అని ఎవరైన చెప్పినచో ఏది యని అడిగి తెలిసికొనుట మేలు. ఒరాకిల్ మరింత నిదానపరురాలు. డెడ్‌లాక్ కనిపెట్టినంతట ఆ ఒక్క ఆజ్ఞను మాత్రము చెరిపి, లావాదేవీని ఏమిచేయవలెనో నిర్ణయమును ప్రోగ్రామునకే విడుచును. పోస్ట్‌గ్రెస్ ఒక సెకను నిలిచి చూచి గాని గీతలు గీయుటకు పూనుకొనదు, ఏలయన నిరీక్షణములలో అధికభాగము ఆ సెకనులోపలనే తీరిపోవును.

డెడ్‌లాక్‌నకు మందు తెలిసినదే. అందరును ఒకే వరుసలో లాకులు పట్టవలెను. ముందు ఖాతా, పిదప సరకు అని ఒక నియమము చేసికొని బిల్లు వ్రాయువాడును రద్దుచేయువాడును దానినే పాటించినచో గుండ్రము మూసికొనుట అసంభవము. రెండు ఖాతాల నడుమ సొమ్ము మార్చునప్పుడు, పంపువాడెవడైనను పుచ్చుకొనువాడెవడైనను, చిన్న సంఖ్య గల ఖాతాను ముందు పట్టిన చాలును. మందు తెలిసినను రోగము పోకుండుటకు హేతువు, ప్రోగ్రాములు ఒకరు వ్రాయునవి కాకపోవుట. ఎవరి ప్రోగ్రాము ఏ వరుసలో పట్టుచున్నదో తెలిసికొనుటకు మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ స్టేటస్ అడిగినచో కడపటి డెడ్‌లాక్ వృత్తాంతము, ఇరుపక్షముల ఆజ్ఞలతోసహా, లభించును. కడపటిది ఒక్కటే లభించును గనుక, అన్నింటిని లాగ్‌లో వ్రాయుమను అమరికను ముందుగానే వేసికొనుట దూరదృష్టి. అందు చదువవలసినది బలియైనవాని ఆజ్ఞ యొక్కటే కాదు. బ్రతికి బయటపడినవాని ఆజ్ఞను కూడ అంతే శ్రద్ధతో చదువవలెను.

ఆ వృత్తాంతములను చదువుచుండగా మరియొక వింత కానవచ్చును. ఒకే రైతు ఖాతాను మార్చిన ఆజ్ఞ వేలకొలది పంక్తులను లాక్ చేసియుండును. రైతును ఖాతా సంఖ్యనుబట్టిగాక పేరునుబట్టి వెదకుమని వ్రాసి, పేరునకు ఇండెక్సు అను సూచిక లేకపోయినచో, డేటాబేసు టేబులు మొదటినుండి తుదివరకు ఒక్కొక్క పంక్తిని చూచుకొనుచు పోవును. మైఎస్‌క్యూఎల్ మామూలు అమరికలో చూచిన ప్రతి పంక్తిని, వాని నడుమ ఖాళీలను సైతము లాక్ చేసికొనుచు పోవును. టేబులులో రెండువందల పంక్తులున్నంతకాలము ఎవరికిని తెలియదు. రెండులక్షలైననాడు దుకాణమంతయు ఒక్క రైతు కొరకు ఆగును. అప్పుడు లాకింగు శాస్త్రమును మథించుటకంటె ఒక ఇండెక్సు వేయుట మేలు. నేనెరిగినంతలో ఈ విద్యలో మిక్కిలి ఘనముగా కనబడు రోగములకు మిక్కిలి అల్పమైన మందు ఇదియే.

పెద్ద మార్పులు ఒక్కసారిగా చేయుటవలన కలుగు చిక్కునకు రాజాముకంటె మంచి ఉదాహరణము వెదకనక్కరలేదు. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము ప్రత్యేకజిల్లా అయినది. 1979 జూన్ 1న విజయనగరము జిల్లా ఏర్పడినను రాజాం శ్రీకాకుళముననే నిలిచినది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రమున జిల్లాలు 13 నుండి 26 అయినప్పుడు విజయనగరమున చేరినది. ఊరు కదలలేదు, ఇండ్లు కదలలేదు; ఊరిపేరు ప్రక్కనుండు జిల్లా సంకేతము మాత్రము ప్రతి పంక్తిలోను మారవలసివచ్చినది. ఇట్టి మార్పును ఏదేని డేటాబేసులో పట్టపగలు ఒకే ఆజ్ఞతో చేయబూనినచో ఏమగును? ఎస్‌క్యూఎల్ సర్వర్ ఒకే ఆజ్ఞ సుమారు 5,000 లాకులను దాటినంతట విసిగి, పంక్తుల లాకులను విడిచి టేబులు మొత్తమునకే ఒక లాక్ వేయ యత్నించును. అది పడినచో ఆ టేబులును మార్చగోరువారందరును నిలువవలసినదే. మార్పు నడుమ ఆగి రోల్‌బ్యాక్ అయినచో, వెనుకకు వచ్చుటకును అంతకాలము, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కాలము, పట్టును. అనుభవజ్ఞులు రాత్రివేళ వేయి, రెండువేల పంక్తుల చొప్పున మార్చి కమిట్ చేసికొనుచు పోవుదురు.

చదువువారు వ్రాయువారిని అడ్డగింపకుండ, వ్రాయువారు చదువువారిని అడ్డగింపకుండ ఒక ఉపాయము కలదు. పంక్తిని చెరిపి వ్రాయక, పాతప్రతిని అట్లే యుంచి కొత్తప్రతిని ప్రక్కన చేర్చి, చదువువానికి అతడు చదువ నారంభించిననాటి ప్రతినే చూపుట. 1978లో డేవిడ్ రీడ్ తన సిద్ధాంతవ్యాసమున విస్తరించిన ఈ ఆలోచన నేడు పెద్ద డేటాబేసులన్నింటను ఏదో రూపమున కలదు. అయినను దీనికొక లొసుగు కలదని 1995లో గ్రే మొదలగువారు చూపిరి. భార్యాభర్తలకు చెరియొక ఖాతా యున్నది. రెండు కలిపి సున్నకు దిగువ పోరాదని బ్యాంకు నియమము. రెండింట వేయేసి రూపాయలున్నవి. భర్త రెండును చూచి, మొత్తము రెండువేలు కలవని తలచి, తన ఖాతానుండి పదునైదువందలు తీసెను. భార్యయు అదే క్షణమున రెండును చూచి తన ఖాతానుండి పదునైదువందలు తీసెను. ఇరువురును వేర్వేరు పంక్తులు వ్రాసిరి గనుక తగవు లేదు, లాక్ లేదు, డెడ్‌లాక్ లేదు. నియమము మాత్రము భగ్నమైనది. ఇట్టి మౌనప్రమాదమును పట్టుకొను విధానము 2011లో పోస్ట్‌గ్రెస్ 9.1 సంచికలో చేరినది. దానిని ఎన్నుకొన్నచో ఇద్దరిలో ఒకరికి 40001 అను సంకేతముతో నిరాకరణము వచ్చును. నియమములు ముఖ్యమైనచోట ఆ నిరాకరణములకు వెరచి తక్కువ కట్టుదిట్టము గల స్థాయికి దిగుట, జ్వరము చూపుచున్నదని జ్వరమాపకమును పారవేయుట వంటిదే.

నిరాకరణము వచ్చినప్పుడు మరల యత్నింపవలసినది ఎవరు? ప్రోగ్రామే గాని కౌంటరుముందు నిలుచున్న రైతు కాదు. 1213 గాని 40001 గాని వచ్చినంతట ప్రోగ్రాము తాను చదివినదంతయు మరచి, లావాదేవీని మొదటినుండి నడపవలెను. మరల నడపుటలో పాతవిలువలనే వాడుట పెద్దపొరపాటు. వెంటవెంటనే యత్నించినచో ఇరుపక్షములును మరల అదేచోట ఢీకొనును గనుక, ఒక్కొక్కమారు కొంచెము కొంచెము హెచ్చుగా, అదియు ఒకే కొలతగాగాక యాదృచ్ఛికముగా, ఆగి యత్నింపవలెను. మూడు నాలుగు మారులకు కుదరనిచో అప్పుడు మనుష్యునికి చెప్పవలెను. అన్నింటికంటె ముఖ్యముగా, ప్రింటు నొక్కినప్పుడు కాక బిల్లు తెర తెరచినప్పుడే దానికి ఒక సంఖ్య నిచ్చి, ఆ సంఖ్యతో రెండవ బిల్లు టేబులులో చేరుటకు వీలులేకుండ చేయవలెను. ఏలయన కమిట్ అయి, అయినదను వార్త మాత్రము తెరకు చేరకమునుపే తంతి తెగుట కలదు. గుండ్రము తిరుగుచుండుట చూచి కాటావద్ద కుర్రవాడు ప్రింటు బొత్తామును మరల మరల నొక్కుట అంతకంటె తరచుగా కలదు. సంఖ్య ఒక్కటే యైనప్పుడు రెండవమారు నొక్కినందుకు డేటాబేసు "ఈ బిల్లు ముందే యున్నది" అనును, ప్రోగ్రాము ఆ మాటను లోపముగా చూపక పాతబిల్లునే తెచ్చి అచ్చువేయును, రైతు తన పన్నెండు బస్తాలకు ఒకే రసీదు పుచ్చుకొని బండి తోలుకొని పోవును.